ప్రేమ, ఎడబాటు మీద కవితలు: నాకు తరచూ వినిపించే అపోహలు

కోనసీమలో కవి సమ్మేళనం అయ్యాక టీ తాగే దగ్గరే అసలు మాటలు మొదలవుతాయి. అక్కడ విన్నవే ఇవన్నీ.

అపోహ: ప్రేమలో ఫెయిలైతేనే ప్రేమ కవిత వస్తుంది.

"మాస్టారూ, నాకు లవ్ ఫెయిల్యూర్ లేదండీ, కవిత్వం ఎలా వస్తుందండీ?" అని అమలాపురంలో ఓ కుర్రాడు దిగులుగా అడిగాడు. "ఎంకి పాటలు" రాసిన నండూరి సుబ్బారావు గారు ఏలూరులో ప్లీడరు. ఆయన ఎంకి, నాయుడుబావల మధ్య అలకలూ ఎదురుచూపులూ ఉన్నా, ఎక్కువగా వినిపించేది కలిసి ఉండటంలోని ముచ్చటే. సుఖం గురించి రాయడమే కష్టం, కాస్త ఏమరితే చప్పబడుతుంది.

అపోహ: విరహం, దుఃఖం ఒకటే.

కాదు. మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లు, వీటిని ఏనాడో విడదీశారు. విప్రలంభ శృంగారానికి, అంటే ఎడబాటులోని ప్రేమకి, స్థాయీభావం (అడుగున నిలిచి ఉండే భావం) రతి, అంటే ప్రేమే; మళ్లీ కలుస్తామన్న ఆశ అందులో ఉంటుంది. కరుణ రసానికి స్థాయి శోకం, ఆశ ఉండదు. కువైట్ వెళ్లిన భార్య ఫోను కోసం రాజోలులో ఎదురుచూసే మనిషి మీద రాస్తే విప్రలంభం. ఆమె ఇక లేదని తెలిశాక అదే ఫోను మీద రాస్తే కరుణం. మొదటిదాంట్లో క్రియలు "చేస్తుందా, వస్తుందా" అని ముందుకు చూస్తాయి. రెండోదాంట్లో "చేసేది, నవ్వేది" అని వెనక్కి తిరుగుతాయి. ఈ తేడా పట్టించుకోక, బతికున్న మనిషికి తద్దినం పెట్టినట్టు రాసేవాళ్లు బోలెడుమంది.

అపోహ: ఛందస్సు బిగిస్తే బాధ చచ్చిపోతుంది.

విశ్వనాథ సత్యనారాయణ గారు భార్య వరలక్ష్మి పోయిన దుఃఖాన్ని పద్యాల్లోనే, "వరలక్ష్మీ త్రిశతి" అనే కావ్యంగా చెప్పుకున్నారు. యతిప్రాసలు అడ్డొచ్చాయంటే తప్పు చేతిది.

అపోహ: దిద్దితే ఫీల్ పోతుంది.

దిద్దితే పోయే ఫీల్ పోనివ్వండి.

అపోహ: దుఃఖంలో ఉండగానే రాసెయ్యాలి.

దీన్ని నేనూ నమ్మాను. అమ్మ పోయిన పదో రోజున, ఇంటి నిండా చుట్టాలుండగా, మేడ మీద కూర్చుని మూడు పేజీలు రాశాను. "కన్నీటి సంద్రం", "గుండె ఎడారి". చుట్టూ కాలువలూ కొబ్బరి తోటలూ ఉన్న ఊళ్లో పుట్టినవాడికి ఎడారి ఎక్కడిదండీ? సినిమాల్లో తప్ప చూసిందే లేదు. ఒక పత్రికకి పంపితే తిరిగొచ్చింది. అప్పుడు కోపమొచ్చింది గానీ, ఆ ఎడిటరుకి ఇప్పుడు దణ్ణం పెట్టాలి.

నాలుగేళ్ల తర్వాత పెరట్లో కొబ్బరి కమ్మ పడిన చప్పుడైంది. అమ్మయితే వెంటనే లాక్కొచ్చి, అరుగు మీద కాళ్లు చాపుకుని, చాకుతో ఆకు గీసి ఈనెలు తీసేది. చీపురుకి సరిపడా అయ్యాక తాడు బిగించి, మొదలు నేలకేసి రెండు దెబ్బలు కొట్టి సమం చేసేది. ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజున అరుగు మీద సగం కమ్మే అయింది. నాకది గుర్తున్నట్టు కూడా తెలియదు. ఆ రాత్రి రాసింది ఇంతే:

సగం దాకా ఈనెలు తీసిన కమ్మ
అరుగు మీదే ఎండింది
మిగతా సగం ఊడ్చలేక
ఇల్లు అలాగే ఉంది

బాధ మాట ఒక్కటీ లేదు. హైదరాబాదులో ఉన్న తమ్ముడికి పంపితే, వాడు కవిత గురించి ఏమీ అనలేదు. కాసేపటికి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఆ చాకు ఇప్పుడెక్కడుంది?" అన్నాడు.