90 రోజుల ఒప్పందంలో ఇరుక్కున్న పరిచర్య

అమెరికా ఏడాదికి అనుమతించే శరణార్థుల గరిష్ఠ సంఖ్య 2026 ఆర్థిక సంవత్సరానికి 1,25,000 నుంచి 7,500కు పడిపోవడంతో, ఇరాక్, సిరియాల నుంచి వచ్చే అరబిక్ మాట్లాడే క్రైస్తవులకు ఆసరాగా నిలిచిన చర్చి సంస్థల సంగతి మళ్లీ చర్చకు వచ్చింది. 2014లో ఐసిస్ ఉగ్రవాదులు ఇరాక్‌లోని మోసుల్ నగరంలో క్రైస్తవుల ఇళ్ల గోడలపై ‘నస్రానీ’ (క్రైస్తవుడు) అన్న మాటకు గుర్తుగా అరబిక్ ‘నూన్’ అక్షరం రాయడం, ఆ ఆగస్టులో దగ్గరలోని క్రైస్తవ పట్టణం ఖరాఖోష్ రాత్రికి రాత్రే ఖాళీ కావడం పాఠకులు ఎరిగినవే. ఈ సంస్థలు ప్రభుత్వ ఒప్పందంపై ఆధారపడటం గురించిన నేటి వివాదపు మూలం మాత్రం 1980 మార్చి 17న అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన శరణార్థుల చట్టంలో ఉంది.

అంతకుముందు ఏ సంక్షోభానికి ఆ సంక్షోభంగా సాగిన సాయాన్ని ఈ చట్టం స్థిరమైన ప్రభుత్వ కార్యక్రమంగా మార్చింది. చర్చి సంస్థలు విదేశాంగ శాఖతో ఒప్పందాలు చేసుకుని, తలకింత చొప్పున గ్రాంటు తీసుకోసాగాయి. 2010లో ఆ మొత్తం 900 డాలర్ల నుంచి 1,800కు పెరిగింది. విమానాశ్రయంలో ఎదురుకోళ్లు, అద్దె ఇల్లు, మంచాలు, వంటపాత్రలు, కుటుంబం గడప తొక్కే వేళకు వాళ్లకు అలవాటైన భోజనం సిద్ధంగా ఉంచడం వరకు ఒప్పందమే నిర్దేశించేది. ఇదంతా మొదటి 90 రోజుల లెక్క. సాయాన్ని మతబోధతో ముడిపెట్టకూడదన్నది మరో నిబంధన. అది న్యాయమైనదే. అయితే వచ్చినవారు క్రైస్తవులే అయినప్పుడు వారి భాషలో ఆరాధన జరిగే సంఘాన్ని వెతికిపెట్టే పని, అంటే అసలైన పరిచర్య, స్వచ్ఛంద సేవకుల భుజాలపై పడింది. ఆ భాష కూడా ప్రతిసారీ అరబిక్ కాదు. ఖరాఖోష్ వాసులు ఇంట్లో మాట్లాడుకునేది సురెత్ అనే అరమాయిక్ మాండలికం.

తలసరి గ్రాంటుపై నిలిచిన కార్యాలయం తలలు తగ్గితే నిలవదు. 2016లో 85,000గా ఉన్న పరిమితి 2020కి 18,000కు చేరేసరికి అనేక చోట్ల తలుపులు మూతపడ్డాయి. మతపరమైన మైనారిటీలకు ప్రాధాన్యం ఇస్తామన్న 2017 జనవరి ఉత్తర్వే శరణార్థుల రాకను 120 రోజులపాటు ఆపమంది.

స్థానిక సమాజాలు భారం మోయలేకపోతున్నాయంటూ ప్రభుత్వం 2025 జనవరిలో కార్యక్రమాన్ని నిలిపివేసింది. ఏప్రిల్‌లో కాథలిక్ బిషప్పుల సమాఖ్య ఒప్పందాలను పునరుద్ధరించుకోబోమని ప్రకటించింది. మే 12న ఎపిస్కోపల్ సంఘం (అమెరికాలోని ఆంగ్లికన్ చర్చి), ఏళ్ల తరబడి శిబిరాల్లో నిరీక్షిస్తున్నవారిని పక్కనబెట్టి దక్షిణాఫ్రికా శ్వేతజాతీయులకు పునరావాసం కల్పించమనడాన్ని తోసిపుచ్చి, దాదాపు 40 ఏళ్ల భాగస్వామ్యం నుంచి వైదొలిగింది. ఈ వైదొలగడం రాజకీయమని విమర్శించినవారు ఉన్నారు గానీ, శరణార్థుల విమానాలు వరుసగా దిగే రోజుల్లో నియమించుకున్న అరబిక్ దుబాసీలకు జీతం ఎక్కడి నుంచి తేవాలో వారు చెప్పలేదు.

కెనడాలో 1979 మార్చి 5న మెనొనైట్ అనే ప్రొటెస్టెంట్ శాఖకు చెందిన సహాయ సంస్థ ప్రభుత్వంతో కుదుర్చుకున్న ఒప్పందం వేరే దారి చూపింది. అక్కడ ప్రాయోజకులుగా నిలిచిన విశ్వాసులే కుటుంబాన్ని మొదటి ఏడాదంతా పోషిస్తారు. గేటు అక్కడా ప్రభుత్వానిదే; 2024 నవంబరులో చిన్న ప్రాయోజక బృందాల కొత్త దరఖాస్తులను ఆపేసింది కూడా. అప్పటికే దిగిన కుటుంబానికి అద్దె కట్టడం మాత్రం ఆగలేదు, ఆ డబ్బు సంఘం కానుకలదే గనుక.