ఆడపిల్లకు రెండు పేర్లు నచ్చాయా? పురోహితుడిగా నేను వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

ఆ మధ్య ఒక జంట వీడియో కాల్ చేశారు. పాప పుట్టి తొమ్మిది రోజులు. నిద్రలేక ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. "పంతులుగారూ, వంద పేర్లు చూసి రెండు మిగిల్చాం. మైథిలి, సంహిత. వీటిలో ఏది పెట్టాలో శాస్త్రప్రకారం మీరే చెప్పేయండి" అన్నాడు అబ్బాయి. "మైథిలి ఆయనకి నచ్చింది, సంహిత నాకు" అంది అమ్మాయి. వెనక మంచం మీదనుంచి నాయనమ్మగారి గొంతు: "సీతమ్మ పేరు వద్దని చెప్పు నాయనా, కష్టాలు కొనితెచ్చుకోవడం ఎందుకు?"

26 ఏళ్లుగా బారసాలలు చేయిస్తున్నాను. మొదట్లో రాజమండ్రి చుట్టుపక్కల, ఇప్పుడు హైదరాబాద్‌లో. ఇక్కడ చాలామంది తొట్టెల అంటారు. పేరు ఏదైనా, ఊరు ఏదైనా నన్ను అడిగే ప్రశ్నలు మాత్రం ఇంచుమించు ఇవే. అందుకే ఆ పాప పేర్లనే దగ్గర పెట్టుకుని చెబుతాను.

అపోహ: జన్మనక్షత్రానికి వచ్చిన అక్షరంతోనే పేరు మొదలవ్వాలి.

పంచాంగంలో అవకహడ చక్రం ఉంటుంది. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఇలా సాగుతుంది. చాలామంది ఇంటర్నెట్‌లో తమ అక్షరం చూసుకుని, దానితో మొదలయ్యే పేర్ల కోసం రాత్రింబవళ్లు వెతుకుతారు.

ఈ పాపది హస్త మూడో పాదం. వచ్చిన అక్షరం "ణ". ణ తో మొదలయ్యే తెలుగు పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం. ఆరుద్ర మూడో పాదానికైతే "ఙ". పెద్ద బాలశిక్షలోనే ఆ అక్షరానికి మాట దొరకదు, ఇక పిల్లకు పేరెక్కడ దొరుకుతుంది?

వాస్తవం ఏమిటంటే, ఆ అక్షరం నక్షత్రనామానికి సంబంధించినది. నామకరణంలో మేం ఒకే పేరు పెట్టించం. మాసనామం, నక్షత్రనామం, వ్యావహారిక నామం అని వేరువేరుగా చెప్పిస్తాం. ఊరంతా పిలిచేది, బడిలో రాసేది వ్యావహారిక నామం. దానికి అవకహడ చక్రంతో ముడి లేదు. కుదిరితే సంతోషం, కుదరకపోతే దోషమేమీ లేదు. పైగా చంద్రుడు ఒక్కో పాదంలో ఉండేది సుమారు ఆరు గంటలు. పాదం మారే వేళకు పుట్టిన పిల్లకు ఆసుపత్రి గడియారం పది నిమిషాలు అటూ ఇటూ అయినా అక్షరం మారిపోతుంది. అలాంటి అక్షరం కోసం నచ్చిన పేరు వదులుకోకండి.

ఇది తెలిసి కూడా ఒకప్పుడు నేనే తప్పు చేశాను. కొత్తగా పౌరోహిత్యానికి వచ్చిన రోజుల్లో, ఆశ్లేష నాలుగో పాదంలో పుట్టిన పాపకు "డో" తోనే పేరు ఉండాలని పట్టుబట్టాను. పాపం, వాళ్లు వెతికి వెతికి "డోలిక" అని పెట్టారు. ఊయల అని అర్థం, మంచి మాటే. బడిలో పిల్లలు మాత్రం "డోలు, డోలు" అని ఏడిపించారట. పదేళ్ల తర్వాత ఒక పెళ్లిలో వాళ్లమ్మగారు నవ్వుతూనే చెప్పారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అపోహ: ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసి సంఖ్యలోనే ఉండాలి, చివర దీర్ఘం ఉండాలి, లేకపోతే అశుభం.

ఈ మాటకు మూలం ఉంది. ఇంట్లో చేసే సంస్కారాల పద్ధతి చెప్పే ఆపస్తంబ గృహ్యసూత్రంలో "అయుజాక్షరం కుమార్యాః" అని ఉంది. అంటే ఆడపిల్లకు బేసి అక్షరాల పేరు పెట్టాలని. మనుస్మృతి రెండో అధ్యాయంలో స్త్రీల పేర్లు ఎలా ఉండాలో ఒక శ్లోకం ఉంది: సుఖంగా పలికేలా, కటువుగా లేకుండా, అర్థం స్పష్టంగా, మనోహరంగా, మంగళకరంగా, దీర్ఘాంతంగా, దీవెనలా ఉండాలట. నాకు ఈ శ్లోకం ఇష్టం. పేరు ఎలా ఉండాలో ఇంతకంటే పొందికగా ఎవరు చెప్పగలరు?

అయితే లెక్కపెట్టి చూడండి. సీత రెండక్షరాలు. రాధ, లక్ష్మి, గౌరి కూడా రెండే. సరస్వతి నాలుగు. అమ్మవార్ల పేర్లకే కుదరని నియమం మన పిల్లకు కుదరకపోతే అశుభం అవుతుందా? మైథిలి, సంహిత రెండూ మూడక్షరాలే కాబట్టి ఆ జంటకు ఈ గొడవే లేదనుకోండి.

దీర్ఘం సంగతికొస్తే తెలుగులో ఒక చిత్రం ఉంది. సంస్కృతంలో సీతా, గౌరీ, సంహితా అని దీర్ఘంతో ముగిసే పేర్లు తెలుగులోకి వచ్చేసరికి సీత, గౌరి, సంహిత అయిపోతాయి. మన భాష నడక అంతే. కానీ పిల్లను వీధిలోంచి పిలిచినప్పుడు ఏమంటాం? "సీతా! గౌరీ! సంహితా!" పోయిన దీర్ఘం పిలుపులో తిరిగొచ్చేస్తుంది. అందుకే రెండు పేర్ల మధ్య ఊగిసలాడేవాళ్లకు ఒక పని చెబుతుంటాను. కాగితం మీద చూడటం ఆపి, వంటింట్లో నిలబడి వరండాలోకి వినపడేలా రెండు పేర్లూ పిలవండి. కోపంగా ఒకసారి, ముద్దుగా ఒకసారి. "మైథిలీ, అన్నం చల్లారిపోతోంది!" "సంహితా, చెప్పులు విప్పి రా!" ఏ పేరు నోట్లో ఆగకుండా జారుతుందో మీకే తెలుస్తుంది. మనుస్మృతి శ్లోకంలో సుఖంగా పలికేదన్న అర్థంలో వచ్చే "సుఖోద్యం" అంటే అదే.

అపోహ: సీత పేరు పెడితే కష్టాలు. నదుల, నక్షత్రాల పేర్లు అసలే పెట్టకూడదు.

నాయనమ్మగారి భయం వెనక ప్రేమే ఉంది, కాదనను. కానీ భద్రాచలం సీమలో, గోదావరి జిల్లాల్లో ఏ వీధికి వెళ్లినా ఒక సీతమ్మ, ఒక జానకి, ఒక వైదేహి ఉంటారు. తరతరాలుగా పెడుతున్న పేర్లు ఇవి. మైథిలి అంటే మిథిలకు చెందిన ఆడపిల్ల. ఆ పేరు సీతమ్మ పుట్టింటిని చెబుతుంది, అడవిని కాదు. ఇదే మాట నాయనమ్మగారితో అంటే కాసేపు ఆలోచించి, "అదీ నిజమే, పుట్టింట్లో మహారాణిలా పెరిగింది" అన్నారు. సగం మెత్తబడ్డారు.

ఇక నదులు, నక్షత్రాల విషయం. మనుస్మృతి మూడో అధ్యాయంలో, పెళ్లికి పిల్లను చూసేటప్పుడు వద్దనుకోవాల్సిన పేర్ల పట్టీ ఒకటుంది. నక్షత్రం, చెట్టు, నది, కొండ, పక్షి పేర్లు అందులో ఉన్నాయి. ఎవరో దాన్ని చదివి ఫోన్లలో పంచుతుంటారు. ఆ లెక్కన గంగ, యమున, గోదావరి, కృష్ణవేణి, రోహిణి, రేవతి, స్వాతి, తులసి... మన ఇళ్లలో సగం మంది ఆడవాళ్లకు పెళ్లిళ్లే కాకూడదు. తెలుగువాళ్లు ఆ శ్లోకాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. మంచి పనే చేశారని నా అభిప్రాయం.

అపోహ: న్యూమరాలజీ చూస్తే రెండింటిలో ఏది మంచిదో తేలిపోతుంది.

ఆ జంట అప్పటికే ఒకరిని అడిగారట. సంహితకు 8 వచ్చింది, శని సంఖ్య, ఇంగ్లీషులో ఇంకో అక్షరం కలపాలి అన్నారట. సరే, మనమే కూడి చూద్దాం. ఇంగ్లీషు అక్షరాలకు అంకెలిచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. పైథాగరస్ పేరుతో చెలామణి అయ్యేది ఒకటి, కాల్డియన్ అనేది రెండోది. సంహితను ఎస్-ఏ-ఎమ్-హెచ్-ఐ-టి-ఏ అని రాస్తే మొదటి పద్ధతిలో 26 వస్తుంది, అంటే 8. రెండో పద్ధతిలో 19, అంటే 1. ఒకే పేరు ఒకచోట శని, ఇంకోచోట సూర్యుడు! ఇక మైథిలిని ఎమ్-వై-టి-హెచ్-ఐ-ఎల్-ఐ అని రాసి కాల్డియన్ లెక్క వేస్తే దానికీ 19 వచ్చింది. ఫోన్‌లో కాగితం మీద రాసి చూపిస్తే ఆ అబ్బాయి పడీపడీ నవ్వాడు.

మనకూ అక్షరాలకు అంకెలిచ్చే పద్ధతి ఉంది, కటపయాది. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల వరుస సంఖ్య చెప్పడానికి వాడతారు. ధీరశంకరాభరణంలో "ధీ" 9, "ర" 2, తిరగేస్తే 29వ మేళకర్త. గుర్తుపెట్టుకోవడానికి అది చక్కటి ఉపాయం. జాతకం మార్చడానికి ఎవరూ వాడలేదు.

స్పెల్లింగ్ మాత్రం అదృష్టం కోసం కాకపోయినా, కాగితాల కోసం ఆలోచించాల్సిందే. మనం "త" కు టి-హెచ్ రాస్తాం, ఉత్తరాదివాళ్లు దాన్ని "థ" అని చదువుతారు. మైథిలిలో ఉన్నది నిజంగా "థ" నే కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ ఎమ్ తర్వాత వై రాయాలా, ఏ-ఐ రాయాలా? మన దగ్గర వై ఎక్కువ, అక్కడ ఏ-ఐ ఎక్కువ. పైగా మైథిలి అనేది బీహార్‌లో ఒక భాష పేరు కూడా, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉంది. అటువైపు చదువుకోవడానికి వెళితే ఆ పిల్లను ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. సంహితకు ఇంకో తమాషా ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితను ఇంగ్లీషులో రాసేటప్పుడు "ఎమ్" కాకుండా "ఎన్" వేశారు. మీరు ఏది రాసినా ఫరవాలేదు, ఒకటే రాయండి. జనన ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బడిలో ఒకటి అయితే ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్ల ఆఫీసుల చుట్టూ తిరగాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకొక్క మాట. ఇంటిపేరు ఇనిషియల్‌గా వదిలేయకుండా పాస్‌పోర్టులో విడదీసి రాయించండి. పేర్లన్నీ ఒకే గడిలో పడి, "గివెన్ నేమ్" గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరు బదులు ఎఫ్-ఎన్-యు అని వచ్చేస్తుంది. పేరు తెలియదు అని దానర్థం. ఇంత కష్టపడి పేరు ఎంచుకుని, చివరికి అలా పిలిపించుకోవడం ఎందుకు?

అపోహ: 21 రోజుల్లో పేరు తేల్చకపోతే సర్టిఫికెట్ రాదు.

టెన్షన్ అంతా ఇక్కడే. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 21 రోజుల్లో చెప్పాల్సింది పుట్టిన సంగతి, పేరు కాదు. పేరు లేకుండా నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో వీలుంది. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడి, పాస్‌పోర్టు, ఓటరు జాబితా వంటివాటికి పుట్టిన తేదీ రుజువుగా ఆ ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి తొందరపడి ఒకటి రాయించి, తర్వాత మార్చడానికి తిరగడం కంటే పది రోజులు ఆగడం నయం.

శాస్త్రం కూడా అంత తొందరపెట్టదు. పదో రోజని ఒకరు, పన్నెండో రోజని ఒకరు, నూరు రాత్రులు గడిచాకనో ఏడాదికో అని గోభిల గృహ్యసూత్రం. మన ఇళ్లలో 11వ రోజు, 21వ రోజు ఎక్కువ. ఆ రోజుకు పేరు తేలకపోతే కొంపేమీ మునగదు, ఇంకో ముహూర్తం పెట్టుకోవచ్చు.

అపోహ: అర్థం గూగుల్‌లో చూశాం, చాలు.

చాలదు. అలేఖ్య అంటే చిత్రపటం అని చాలామంది అనుకుంటారు. చిత్రానికి సంస్కృతంలో ఆలేఖ్యం, మొదటి అక్షరం దీర్ఘం. హ్రస్వం పెడితే రాయడానికి వీలుకానిది అని అర్థం మారుతుంది. అనామిక అంటే ఉంగరపు వేలు, పేరులేనిది కూడా. పెట్టకూడదని కాదు, తెలిసి పెట్టండి అంటాను. సంహిత అంటే వేదం అని ఆ అమ్మాయికి ఏదో వెబ్‌సైట్ చెప్పింది. కూర్చినది అని అసలు అర్థం, వేదమంత్రాల కూర్పు కాబట్టి వేదసంహిత. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని అయితే అక్షరాలు బాగా దగ్గరగా చేరడాన్నే సంహిత అన్నాడు. ఈ సంగతి చెబితే ఆమెకు ఆ పేరు ఇంకా నచ్చింది. అబ్బాయి మొహం కాస్త వాడింది.

అపోహ: చివరి మాట పంతులుగారిదే, లేదా మేనత్తదే.

నాది కాదు. పేరు ముందుగా పలకాల్సింది తండ్రి, తల్లి అని ఆపస్తంబుడు చెప్పాడు. మేనత్త ఉయ్యాల దగ్గర ముచ్చట తీర్చుకోవచ్చు, నేను మంత్రం చెబుతాను. ఎంపిక మీ ఇద్దరిదే. ఇద్దరికీ చెరొకటి నచ్చితే ఒకరు ఓడిపోవాల్సిన పనీ లేదు. ఒకటి ధ్రువపత్రంలో, ఒకటి ఇంట్లో పిలుపుగా ఉంచుకున్న కుటుంబాలు మనలో కోకొల్లలు. అత్తగారి పేరు కోడలు నోటితో పలకకూడదనే రోజుల్లో, నాయనమ్మ పేరు పెట్టిన పిల్లలందరూ అలాగే బుజ్జి, చిట్టి, అమ్మాజీ అయ్యారు. కానీ రెండూ కలిపి "మైథిలీసంహిత" అని ధ్రువపత్రంలోకి ఎక్కించకండి. ఏ దరఖాస్తు గడిలోనూ పట్టదు, ఎవరూ పూర్తిగా పిలవరు.

ఇంతకీ ఏది పెట్టారంటారా? నామకరణం నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరం అబ్బాయి చేతికిచ్చాను. అతను భార్య వైపు చూసి "సంహిత" అని రాశాడు. వాళ్లు ముందురోజు రాత్రే మాట్లాడుకున్నారట. ఉంగరం ఆమె అందుకుని, దాని కింద చిన్నగా "మైథిలి" అని రాసింది. పాప చెవిలో మూడుసార్లు ఏది చెప్పాలో ఇద్దరూ మళ్లీ నా వైపు చూశారు. పైనున్నదే చెప్పమన్నాను. నెల తర్వాత దక్షిణ సంగతి మాట్లాడటానికి ఫోన్ చేస్తే, వెనకనుంచి నాయనమ్మగారు "అమ్మలూ, ఏడవకే" అంటున్నారు.