పైత్యం కాదు, పార్శ్వపు నొప్పి

తల ఒక పక్క పగిలిపోతూ, పసరు వాంతై, ఆ తరవాత కాస్త తెరిపిన పడితే మా వైపు ‘పైత్యం చేసింది’ అంటారు. పైత్యం బయటికి పోయింది కాబట్టే నొప్పి తగ్గిందని గట్టి నమ్మకం. చూడ్డానికి తిరుగులేని రుజువులాగే ఉంటుంది గానీ వరస తిరగబడింది. మెదడులో మొదలైన మైగ్రేన్, అంటే పార్శ్వపు నొప్పి, కడుపును కూడా పట్టుకుంటుంది. ఆ సమయంలో జీర్ణాశయం కదలిక మందగిస్తుంది. మింగిన మాత్ర కూడా పేగుల్లోకి దిగక అక్కడే ఉండిపోతుంది. ‘ఎన్ని వేసుకున్నా పనిచెయ్యలేదు’ అన్నప్పుడు చాలాసార్లు జరిగేదిదే. నొప్పి మాత్రతో పాటు డాక్టర్లు వాంతుల మందు రాసేది కూడా ఇందుకే. వాటిలో కొన్ని కడుపును మళ్లీ కదిలిస్తాయి.

ఈ జబ్బులో ముందేది, వెనకేది అన్నది తరచూ ఇలాగే తారుమారవుతుంది. నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి రెండు రోజుల ముందే ఆవలింతలు మొదలవుతాయి, మెడ పట్టేస్తుంది, ఊరికే చిరాకు వస్తుంది, తీపి మీదికి మనసు పోతుంది. ఆత్రేయపురం పూతరేకు తిన్నందుకే తల పట్టుకుందని దాన్ని తిట్టుకుంటాం. ఆ తీపి కోరికే మైగ్రేన్ మొదలైన గుర్తు కావచ్చు. నొప్పి రావడానికి ముందురోజే మెదడు అడుగున ఆకలి, నిద్రలను నడిపే హైపోథాలమస్ తీరు మారడం స్కానింగుల్లో కనపడింది.

అలాగని రెచ్చగొట్టేవేవీ లేవని కాదు. కార్తీక సోమవారం చుక్క పొడిచేదాకా ఉపవాసం, నిద్ర చాలకపోవడం, నెలసరికి ముందు ఈస్ట్రోజన్ అనే హార్మోను పడిపోవడం, కాలవ గట్టు మీద బస్సులో వెళ్తుంటే కొబ్బరిచెట్ల సందుల్లోంచి టకటకా కొట్టే ఎండ, ఇవన్నీ పడనివాళ్లున్నారు. తలస్నానం కూడా. తలంటుకున్న రోజే నొప్పి వస్తుందని మన ఆడవాళ్లు ఎప్పటినుంచో చెప్పేమాట 2006లో 94 మంది భారతీయ రోగుల వివరాలతో వైద్య పత్రికకు ఎక్కింది. వాళ్ల మాట విననిది ఎందరో!

మా పిన్ని నర్సాపురం దగ్గర పల్లెలో లేసు అల్లుతుంది. ఓ మధ్యాహ్నం అరుగు మీద తెల్లదారంతో పని చేస్తూ ఆగిపోయింది. “ఏవిటోనే, సూది మొన కనపడతం లేదే” అంది. వేళ్లు కనపడుతున్నాయి, సరిగ్గా చూస్తున్న చోటే ఖాళీ. కాసేపటికి ఆ ఖాళీ అంచున వంకరటింకర వెలుగు గీతలు మిలమిలలాడుతూ పక్కకు జరిగాయి. కళ్లు మూసుకున్నా పోలేదు. అవి సద్దుమణిగే వేళకు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. తిమ్మిరి మోచేతి దాకా పాకి, భుజం జోలికి పోకుండా పెదవి మూలకీ నాలుకకీ దూకింది. నీళ్లడగబోయి వేరే మాటేదో అంది. పక్షవాతమనుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. అసలు నొప్పి దారిలో మొదలైంది.

చేతినుంచి మూతికి ఆ తిమ్మిరి ఎందుకు దూకింది? ఒంట్లో చెయ్యికీ పెదవికీ మధ్య చాలా దూరం ఉంది. మెదడు పైపొరలో స్పర్శ తెలిసే పట్టీలో మాత్రం చేతి చోటూ ముఖం చోటూ పక్కపక్కనే ఉంటాయి. కదులుతున్నది చేతిలో కాదు, ఆ పట్టీ మీద. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన కళ్లముందు ఖాళీ ఎలా పెరుగుతోందో బొమ్మలు వేసుకుని, మెదడులో ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతోందని లెక్కగట్టాడు. 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావ్ కుందేళ్ల మెదడులో దాదాపు అదే వేగంతో పాకే అలను ప్రచురించాడు. కాలవ నీరు మడి నుంచి మడికి పారినట్టు అది నరకణాల మీదుగా సాగుతుంది. తగిలినచోట కణాలు ఒక్కసారి చెలరేగి, వెంటనే మూగబోతాయి. చెలరేగినప్పుడు వెలుగు గీతలు, మూగబోయాక ఖాళీ. దీన్నే ఆరా అంటారు, సాధారణంగా గంటలోపు పోతుంది. అందరికీ రాదు.

పక్షవాతం చాలావరకు ఉన్నట్టుండి ఒక్కసారే కొడుతుంది, ఆరా నిమిషాల మీద పాకుతుంది. ఈ తేడా తెలిసినా ఇంట్లో తేల్చుకోకూడదు. మొదటిసారి వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికే. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే మందుకు ఉండే గడువు సుమారు నాలుగున్నర గంటలే. పిన్నిని పరుగున తీసుకెళ్లడం ముమ్మాటికీ సరైనపనే. ఆరా వచ్చే ఆడవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పితీరాలి, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

నొప్పి ముదిరాక తల మీద చర్మం కూడా మారిపోతుంది. జడ బిగువు, చెవి దిద్దులు, చివరికి దిండు తగిలినా భరించలేరు. ఇది నటన కాదు. నొప్పి కబురు మోసే నరాలు రెచ్చిపోయి, మామూలు స్పర్శను కూడా నొప్పిగా చేరవేస్తాయి. ఆ దశకు రాకముందే మాత్ర వేసుకుంటే బాగా పనిచేస్తుంది.

1991లో మైగ్రేన్ నొప్పిని ఆపే సుమాట్రిప్టాన్ అనే మందు వచ్చింది. గుండెజబ్బు ఉన్నవాళ్లకు పనికిరాదు. నొప్పిని రగిలించే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని గుర్తించి, దాన్ని అడ్డుకునే మందులకు దారివేసిన నలుగురికి 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. నెలలో ఎక్కువసార్లు వచ్చేవాళ్లకు రాకుండా ఆపే పాత, చవక మందులూ ఉన్నాయి. వాటిని అడక్కుండా మందుల షాపులో చీటీ లేకుండా దొరికే నొప్పి మాత్రలతో ఏళ్లు నెట్టుకొచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు 10 రోజులు చొప్పున మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. అందుకని క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజుతో పాటు మాత్ర వేసుకున్న రోజుకూ గుర్తు పెట్టి, ఆ కాగితం డాక్టరుకు చూపించండి.