నల్లిని చంపే బూజు, దానికి పడని వేడి

పొద్దుతిరుగుడు పూతకొచ్చిందంటే కర్నూలు, నంద్యాల చేలగట్ల మీద తేనెపెట్టెలు వరసగా దిగుతాయి, వాటిలో చాలావరకు ఇటాలియన్ ఈగలే. వాటిని పట్టి పీడించేది వర్రోవా అనే నల్లి. ఎర్రమట్టి రంగు, ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పు. ఈగ పొట్ట కింద పొరల మధ్య దూరి కూర్చుంటుంది కాబట్టి ఫ్రేము పైకెత్తి ఎంత చూసినా ఓ పట్టాన దొరకదు. పెట్టె ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు ఎగరలేక నేల మీద పాకుతున్నాయంటే మాత్రం నల్లి మోసుకొచ్చిన వైరస్ లోపల బాగా ముదిరినట్టే.

నిజానికి ఇది మన తొర్రతేనె ఈగల మీద బతికే నల్లి. అక్కడ మగపిల్లల గదుల్లోనే పిల్లలు పెడుతుంది, కూలి ఈగలు కూడా ఒకదాన్నొకటి దులుపుకుంటాయి, కాబట్టి అది హద్దులో ఉంటుంది. ఇటాలియన్ ఈగకు ఆ అలవాట్లు అంతగా లేవు.

రసాయన మందులకు నల్లి అలవాటుపడుతోందని, దాన్ని తినే మరో జీవిని వదిలి చూశారు. మట్టిలో బతికే ఓ వేటనల్లి విడిగా తిరిగే వర్రోవాను తిన్నది గానీ, ఈగ ఒంటికి అంటుకున్నదాన్ని ముట్టుకోలేదు. అక్కడ ఉన్నప్పుడు చంపకపోతే ఏం లాభం?

నాకు ఆశ ఉన్నది మెటారైజియం మీద. వేరుశనగలో వేరుపురుగుకు వాడతాం కదా, ఆ బూజే. దాని విత్తనాలు పురుగు చర్మానికి అంటుకుని, మొలకెత్తి, లోపలికి తొలుచుకుపోతాయి. చిక్కల్లా వేడితోనే, అదీ మన ఎండతో కాదు. అనంతపురంలో బయట ఎంత మండుతున్నా ఈగలు నీళ్లు తెచ్చి చల్లి, రెక్కలు విసిరి పిల్లలున్న చోటును 35 డిగ్రీల దగ్గరే నిలబెడతాయి. చలికాలమూ అంతే. ఈ బూజు రకాల్లో చాలావాటికి ఆ 35 కూడా ఎక్కువే. అందుకే అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు, బూజు తగిలి చచ్చిన నల్లుల నుంచే మళ్లీ బూజును పెంచి, వేడికి తట్టుకున్నదాన్ని ఏరి, మళ్లీ నల్లుల మీదే వదిలి, ఇలా తిప్పితిప్పి గట్టి రకాన్ని తయారుచేశారు. 2021లో వచ్చిన ఫలితాల్లో అది, ఈ నల్లికి మందుగా వాడే ఆక్సాలిక్ ఆమ్లంతో పోల్చదగ్గట్టు పనిచేసింది.

అలాగని ఎరువుల షాపులో ప్యాకెట్ తెచ్చి పెట్టెలో చల్లేయకండి, అది వేరే రకం, వేరే పురుగు కోసం. ఇటాలియన్ ఈగల్లోనూ నల్లి ఎక్కువగా చేరేది మగపిల్లల గదుల్లోకే కాబట్టి, ఈలోగా ఆ గదులు కట్టుకునే ఫ్రేము ఒకటి పెట్టి, మూతలు పడ్డాక కోసి తీసేయొచ్చు. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి మగ ఈగ బయటికి రావడానికి 24 రోజులు పడుతుంది, అంతకంటే ముందే తీయాలి, ఆలస్యమైతే మనమే నల్లుల్ని పెంచినట్టు. కోసిన ముక్కలు కోళ్లకు వేస్తే ఎగబడి తింటాయి.