శ్లాబు కురుస్తోందా? గ్యారంటీ కార్డు చూసి కాంట్రాక్టరును పెట్టుకోకండి

తొలకరి పడిందంటే మాకు ఫోన్ల మీద ఫోన్లు. "ఇల్లు కురుస్తోందండీ. పోయినేడే కెమికల్ కోటింగ్ వేయించాం. పదేళ్ల గ్యారంటీ కార్డు కూడా ఉంది. ఆ కాంట్రాక్టరేమో ఫోనెత్తట్లేదు." గుంటూరు, తెనాలి చుట్టుపక్కల వాటర్‌ప్రూఫింగ్ పనులు చూస్తుంటాను. ఈ మాట వినని వానాకాలం లేదు.

అపోహ: ఎక్కువ ఏళ్ల గ్యారంటీ ఇచ్చినవాడే మంచి కాంట్రాక్టరు.

వాస్తవం: జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూడకుండా, మేడ మీద టేపు పట్టుకుని చదరపు అడుగు రేటు చెప్పేసినవాడు పదేళ్లు రాసిచ్చినా, పాతికేళ్లు రాసిచ్చినా ఒకటే. శ్లాబు మధ్యలో కురిసేది తక్కువ. పిట్టగోడ శ్లాబుతో కలిసే మూల, వాన నీటి గొట్టం మూతి, ట్యాంకు దిమ్మెల కింద, వాటం సరిగా లేక నీళ్లు నిలిచే చోటు... ముందు చూడాల్సినవి ఇవి.

తెనాలిలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు. పూజగది పైన ఎప్పుడూ చెమ్మే. పింఛను డబ్బుతో రెండుసార్లు కోటింగ్ వేయించారు. "వేసవిలో ఆరుతుందా మాస్టారూ?" అనడిగాను. "మార్చిలో కూడా ఆరదు బాబూ" అన్నారు. వాన లేని రోజుల్లోనూ చెమ్మ ఉందంటే అది వాన నీరు కాదు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగే పైపు ఎల్బో దగ్గర కారుతోంది. ప్లంబరు పూట పని. అంతకుముందు వచ్చినవాళ్లలో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆ పెద్దాయన ముఖం చూస్తే నాకు కడుపు రగిలిపోయింది.

కాబట్టి ముందు కారణం చెప్పమనండి. తర్వాత కాగితం మీద రాయించుకోండి: ఏ మెటీరియల్, ఎన్నిసార్లు పూత వేస్తారు, పాత పూత గీకేస్తారా లేదా, పగుళ్లు దేనితో నింపుతారు. ఆ మెటీరియల్ కిలోకి ఎంత మేర వస్తుందో కంపెనీ డేటాషీట్‌లో ఉంటుంది. మీ మేడ కొలతతో లెక్కేసి, ఎన్ని బకెట్లు రావాలో మీరే తేల్చుకోండి. సీలు మీ ఎదుటే తీయించండి. నీళ్లు కలిపి పలచన చేస్తే తేడా బకెట్ల లెక్కలో బయటపడుతుంది.

డబ్బు విడతలుగా ఇవ్వండి. పూత ఆరాక గొట్టాలు మూసి, అంగుళం మేర నీళ్లు కట్టి 48 గంటలు చూసేదాకా చివరి విడత ఆపండి. వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం నీళ్లంటే 2 టన్నులకు పైనే బరువు. ఊచలు బయటపడిన శ్లాబు మీద మాత్రం ఈ పరీక్ష వద్దు.

జీఎస్టీ బిల్లు తప్పనిసరిగా అడగండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే వివాదం మొదలైన రెండేళ్లలోపు వెళ్లాలి. అప్పుడు చేతిలో బిల్లు లేకపోతే కార్డు ఒక్కటే చూపించి నెగ్గడం కష్టం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా మొదట అడిగేది కాగితాలే.

అపోహ: పెచ్చులు రాలితే శ్లాబు మొత్తం పగలగొట్టాల్సిందే.

వాస్తవం: భయపడకండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది, అందుకే పెచ్చులు ఊడతాయి. చాలా ఇళ్లలో తుప్పు గీకి, ఊచలకు పూత వేసి, రిపేర్ మోర్టారుతో సరిచేయొచ్చు. ఊచలు సన్నబడినా, శ్లాబు కిందికి వంగినా స్ట్రక్చరల్ ఇంజినీరుకు విడిగా ఫీజు ఇచ్చి చూపించండి. పగలగొట్టే పని దక్కేవాడినే పగలగొట్టాలా అని అడగొద్దు.

అపోహ: పాత పొర మీదే ఇంకో సిమెంటు పొర వేస్తే సరి.

వాస్తవం: వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం సిమెంటు మోర్టారు అంటే శ్లాబు మీద దాదాపు 5 టన్నుల అదనపు బరువు. కింద ఇరుక్కున్న తడి ఎటూ పోదు.

అపోహ: తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేస్తే లీకు కూడా ఆగుతుంది.

వాస్తవం: అది ఎండకు. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా వేడి తగ్గించడానికే. లీకు పని వేరు.

ఇక వానల్లో తడి శ్లాబు మీద "రేపే వేసేస్తాం" అనేవాళ్లను పంపించేయండి. అప్పటిదాకా టార్పాలిన్ కప్పుకోండి, నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు తీయించండి. అసలు పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి మే లోపు ముగించుకోండి.