పెడల్ స్టీల్‌కి పాత ట్యూబ్ ఆంప్: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో పాత ఆంప్‌లు (వాద్యం శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్లు) రిపేర్ చేయడం నా పని. నా బెంచ్ మీదకి వచ్చేవాటిలో నాకు బాగా ఇష్టమైనవి పెడల్ స్టీల్ గిటార్ వాయించేవాళ్లు తెచ్చే పెద్ద ట్యూబ్ ఆంప్‌లు, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో నడిచేవి. ఈ వాద్యం మనవాళ్లలో చాలామంది చూసి ఉండరు. అమెరికా కంట్రీ పాటల వెనక జారుతూ, సాగుతూ వినిపించే తీగల శబ్దం దీనిదే. నాలుగు కాళ్ల మీద బల్లలా నిలబెడతారు. ఒక్కో మెడకి సాధారణంగా 10 తీగలు. ఎడమ చేతిలో స్టీల్ బార్, కుడి చేతి వేళ్లకి పిక్స్, ఎడమ కాలి కింద తీగల శ్రుతి మార్చే పెడల్స్, కుడి కాలి కింద వాల్యూమ్ పెడల్. గోటువాద్యం విన్నవాళ్లకి ఆ జారుడు కొత్తగా అనిపించదు.

ట్యూబ్ ఆంప్‌ల గురించి జనం చెప్పుకునే మాటలు ఎక్కువగా మామూలు ఎలక్ట్రిక్ గిటార్ వాళ్ల అనుభవం నుంచి వచ్చినవి. వాళ్లకి సౌండ్ కాస్త పగలాలి, అంటే ఆంప్ హద్దు దాటి గరగరమనాలి. స్టీల్ వాళ్లకి అస్సలు పగలకూడదు. కింద చెప్పే అపోహల్లో చాలావరకు ఈ తేడా తెలియక పుట్టినవే.

అపోహ: చిన్న హాల్లో వాయించడానికి 100 వాట్లు ఎందుకు? 20 చాలు.

గిటార్‌కి చాలు. స్టీల్‌కి వాట్లు కావాల్సింది చెవులు హోరెత్తించడానికి కాదు, అవసరానికి చేతిలో ఉంచుకోవడానికి. మీటిన తీగ వెంటనే నీరసించడం మొదలవుతుంది. అందుకని వాయించేవాళ్లు వాల్యూమ్ పెడల్‌ని సగం మూసి మీటి, స్వరం తగ్గుతున్నకొద్దీ మెల్లగా తెరుస్తారు. ఆ స్వరం అంతసేపు నిలబడేది అందుకే. అయితే వేగంగా వాయించేటప్పుడు కాలు వెనక్కి తీసే టైమ్ ఉండదు. పెడల్ తెరిచి ఉండగానే తర్వాతి మీటు పడుతుంది, ఆ దెబ్బంతా ఆంప్ మీదకి వస్తుంది. శబ్దం 10 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ 10 రెట్లు కావాలి. అప్పటిదాకా 5 వాట్ల దగ్గర హాయిగా నడుస్తున్న ఆంప్‌ని ఒక్కసారిగా 50 అడిగితే, 20 వాట్లది చేతులెత్తేస్తుంది. పైగా స్టీల్ పికప్‌లకి (తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగాలు) తీగ చుట్లు ఎక్కువ, సిగ్నల్ బలంగా వస్తుంది. సీ6 అనే ట్యూనింగ్‌లో (తీగలు శ్రుతి చేసే ఒక పద్ధతి) కింది తీగ 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మంద్ర స్వరాలని నిండుగా వినిపించడానికే పవర్ ఎక్కువ పోతుంది.

కాస్త పగిలితే మాత్రం ఏం, గిటార్‌కి బాగానే ఉంటుందిగా అని అడుగుతారు. స్టీల్‌లో వాడే ఇంకో ట్యూనింగ్ పేరు ఈ9. అందులో మూడో తీగ సుమారు 415 హెర్ట్జ్, నాలుగోది 330. రెండూ కలిపి మీటినప్పుడు ఆంప్ పగిలితే వాటి తేడా కూడా శబ్దంగా పుడుతుంది, అంటే 85 హెర్ట్జ్ దగ్గర ఎవరూ వాయించని ఒక స్వరం. ఇప్పుడు బీ అనే పెడల్ తొక్కితే మూడో తీగ 440కి లేస్తుంది, నాలుగోది కదలదు. ఆ దొంగ స్వరం కూడా 85 నుంచి 110కి పాకుతుంది. ఒక తీగ నిలిచి ఉండగా ఇంకొకటి కదలడమే ఈ వాద్యం అందం. ఆ అందం కిందే ఈ బురద చేరుతుంది. దీన్ని ఒక్కసారి చెవితో పట్టుకున్నవాళ్లకి స్టీల్ వాళ్లు క్లీన్ సౌండ్ కోసం ఎందుకు అంత పట్టుబడతారో మళ్లీ చెప్పక్కర్లేదు.

అపోహ: ట్యూబ్ వాటు ట్రాన్సిస్టర్ వాటు కంటే పెద్దది.

వాటు వాటే. ట్యూబ్ ఆంప్ హద్దు దాటాక మెత్తగా నలుగుతుంది, ట్రాన్సిస్టర్ ఆంప్ కరుకుగా తెగుతుంది. అందుకే హద్దు దాటించి వాయించే గిటార్ వాళ్లకి ట్యూబ్ ఎక్కువ శబ్దం ఇచ్చినట్టు అనిపిస్తుంది. హద్దు లోపలే ఉండే స్టీల్‌లో ఆ లాభం చాలావరకు పోతుంది. కాబట్టి 50 వాట్ల ట్యూబ్ ఆంప్ 200 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్‌కి సమానం అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

అపోహ: ఫెండర్ అంటే బ్లాక్‌ఫేసే. సిల్వర్‌ఫేస్ దండగ.

ఈ మాట వల్ల స్టీల్ వాళ్లు మంచి ఆంప్‌లు వదులుకుంటున్నారు. గిటార్లు, ఆంప్‌లు చేసే ఫెండర్ కంపెనీని అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ 1965లో కొంది. ఆ దశాబ్దం చివర్లో ఆంప్‌ల ముందు ప్యానెల్ నలుపు (బ్లాక్‌ఫేస్) నుంచి వెండి రంగుకి (సిల్వర్‌ఫేస్) మారింది. తర్వాత్తర్వాత సర్క్యూట్‌ని కూడా మరింత క్లీన్‌గా వినిపించేలా మారుస్తూ పోయారు. 1960ల ట్విన్ రివర్బ్ అనే ఫెండర్ ఆంప్ 85 వాట్లు. 1970ల మొదట్లో అది 100 అయింది, ఆ దశాబ్దం చివరికి సౌండ్ క్లీన్‌గా ఉంచే అల్ట్రాలీనియర్ రకం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో 135కి చేరింది. ఆ 135 వాట్ల ట్విన్ ఎంత పెంచినా పగలదని గిటార్ వాళ్లు తిట్టుకుంటారు. మనకి కావాల్సిందే అది! రాక్ గిటార్ వాళ్లకి అక్కర్లేదు కాబట్టి ధర కూడా బ్లాక్‌ఫేస్ కంటే బాగా తక్కువ. 15 అంగుళాల స్పీకర్ ఉన్న వైబ్రోసోనిక్ రివర్బ్, ఆరు 6ఎల్6 రకం పవర్ ట్యూబులతో 180 వాట్ల సూపర్ ట్విన్ కూడా ఆ దశాబ్దానివే. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. 135 వాట్ల మోడల్‌లో పవర్ ట్యూబుల మీద పడే ప్లేట్ వోల్టేజ్ 500 దాటుతుంది. చవకరకం ట్యూబులు పెడితే తట్టుకోలేవు. బయాస్ (ట్యూబుల్లో పారే కరెంటు అమరిక) చూడకుండా ట్యూబులు మార్చకండి.

85 నుంచి 135కి పోతే పెరిగేది 2 డెసిబెల్సే అని లెక్క తెలిసినవాళ్లు అంటారు. నిజమే. స్పీకర్ సంగతి వచ్చేది ఇక్కడే. సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ ఎక్కువున్న, అంటే అదే పవర్‌కి అంత ఎక్కువ శబ్దమిచ్చే స్పీకర్ పెడితే ఆంప్ వాట్లు రెట్టింపు చేసినంత పని. 1950ల్లో స్టీల్ కళాకారుడు స్పీడీ వెస్ట్ వాడిన స్టాండెల్ కంపెనీ ఆంప్ 25 వాట్ల తరహాదే. దాన్ని నిలబెట్టింది అందులోని 15 అంగుళాల జేబీఎల్ కంపెనీ స్పీకర్. పైగా అప్పటి బ్యాండ్‌లు ఇంత గట్టిగా వాయించేవి కావు. 15 అంగుళాలే ఉండాలన్న రూల్ లేదు. మంచి 12 అంగుళాలవి రెండున్నా చాలు.

అపోహ: పాత ఆంప్‌లో ఏమీ ముట్టుకోకూడదు, ఒరిజినల్ పార్ట్స్ ఉంటేనే విలువ.

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు, క్యాబినెట్ ముట్టుకోకండి, సరే. కానీ పవర్ సప్లైలోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు 50 ఏళ్లకి ఎండిపోతాయి. లోపలి రసాయనం ఆరిపోయాక హమ్ (గుంయ్‌మనే శబ్దం) పెరుగుతుంది, మంద్ర స్వరాలు వదులుగా వినిపిస్తాయి, బలంగా మీటితే వోల్టేజ్ కుంగుతుంది. దాన్నే కొందరు వింటేజ్ టోన్ అనుకుంటారు. మీరు ఏ పవర్ కోసం ఆంప్ కొన్నారో ఆ పవరే అది ఇవ్వడం లేదు. కొత్త కెపాసిటర్లు వేశాక సొంత ఆంప్ సౌండ్ విని నమ్మలేకపోయినవాళ్లని చూశాను.

ఇంకొకటి ప్రాణాలకి సంబంధించింది. పాత ఆంప్‌లలో కొన్నింటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, ఎర్త్ ఉండదు. వెనక గ్రౌండ్ స్విచ్, దానికో కెపాసిటర్. ఆ కెపాసిటర్ షార్ట్ అయితే కరెంటు నేరుగా ఛాసిస్‌కి (ఆంప్ లోహపు చట్రానికి), అక్కడి నుంచి కేబుల్ ద్వారా వాద్యానికి వస్తుంది. స్టీల్ వాయించేవాళ్ల చేతిలో బార్ లోహం, వేళ్ల పిక్స్ లోహం, తీగలు లోహం. మధ్యలో చెక్క గానీ ప్లాస్టిక్ గానీ లేదు. ఆ స్థితిలో పెదవి మైక్‌కి తగిలితే ఏమవుతుందో ఊహించండి. మూడు పిన్నుల ప్లగ్ వేయించండి, ఆ కెపాసిటర్ తీయించండి. విలువ తగ్గుతుందనే వాళ్ల మాట వినొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపల 400 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు కాబట్టి ఈ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి.

అపోహ: ట్యూబులు ఏటా మార్చాలి.

అక్కర్లేదు. సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీఆంప్ ట్యూబులు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబులు అరుగుతాయి. క్యాలెండర్ చూసి కాదు, మీటర్ పెట్టి కొలిచి మార్చండి.

అపోహ: అసలైన స్టీల్ సౌండ్ ట్యూబుతోనే వస్తుంది.

ట్యూబులతో బతికే నేనే చెబుతున్నాను, కాదు. 1970ల మధ్యలో మిసిసిపీలోని పీవీ కంపెనీ సెషన్ 400 తెచ్చింది. 200 వాట్లు, 15 అంగుళాల స్పీకర్, ట్యూబుల్లేవు. తర్వాత నాష్‌విల్ 400 వచ్చింది. ఎందరో స్టీల్ కళాకారులు వాటికి మారారు, ఎన్నో రికార్డులు వాటితోనే చేశారు. జేబీఎల్ స్పీకర్లున్న బరువైన ట్విన్‌ని మెట్ల మీదుగా మోసినవాళ్లు ఎందుకు మారారని అడగరు. నాకు మాత్రం ట్విన్‌లో పై స్వరాల గుండ్రదనం, దాని స్ప్రింగ్ రివర్బ్ (స్ప్రింగులతో పుట్టించే ప్రతిధ్వని) ఇష్టం. అది నా ఇష్టం, రూల్ కాదు.

అపోహ: ఇండియాకి తీసుకెళ్తే ఒక కన్వర్టర్ పెట్టుకుంటే సరిపోతుంది.

హైదరాబాద్, విజయవాడ తీసుకెళ్తున్నామని అడిగే తెలుగువాళ్లకి చెప్పేదిదే. ప్రయాణాల్లో వాడే చిన్న కన్వర్టర్ దీనికి పనికిరాదు. 230 నుంచి 120కి దించే అసలైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని సామర్థ్యం 500 వీఏకి (వోల్ట్-ఆంపియర్) తగ్గకుండా చూసుకోండి, 135 వాట్ల మోడల్‌కైతే 750 మంచిది. అయితే అది వోల్టేజ్‌నే దించుతుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు: అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, ఇండియాది 50, అది 50గానే ఉండిపోతుంది. 60కి మాత్రమే చేసిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర మరింత వేడెక్కుతుంది. వెనక వోల్టేజ్ సెలెక్టర్ ఉన్న ఎక్స్‌పోర్ట్ మోడల్ దొరికితే అదే కొనండి. మామూలుదే ఉంటే మొదటి రోజు గంటసేపు నడిపి, ఆపేసి, ప్లగ్ తీసి ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే ఇక వాడకుండా టెక్నీషియన్‌కి చూపించండి.