దేన్నీ పట్టుకోని దారం

మూడేళ్ల కిందట, సంక్రాంతికి కాస్త ముందు, భవానీ ద్వీపం కనిపించే కృష్ణ గట్టు మీద నా పరువు పోయింది. కొత్త రీలు, దాని స్పూలు (దారం చుట్టే కండె) నిండా కొత్త బ్రెయిడ్ దారం, అంటే సన్న పోగుల పాయలను జడలా అల్లిన దారం. ఏదో బరువైన చేప ఎర అందుకుంది, కర్ర వంగింది. నేను రీలు తిప్పుతూనే ఉన్నాను, దారం బయటికి పోతూనే ఉంది. డ్రాగ్ (చేప లాగితే దారం ఎంత బిగువు దగ్గర వదలాలో పెట్టే మర) మొత్తం బిగించాను. అయినా పోతోంది. కొన్న వారానికే రీలు పాడైందని తిట్టుకుంటుంటే, పక్కన వెదురు కర్రతో కూర్చున్న బాబాయ్ వంగి చూశాడు.

"రీలుకేం కాలేదురా అబ్బాయ్. లోపల దారం చుట్ట మొత్తం చేతికి వదులైన గాజులా తిరుగుతోంది. స్పూలు దాన్ని పట్టుకోవట్లా."

చేప పోయింది. దారం తెగలేదు, ముడి ఊడలేదు, గాలం ముల్లు విరగలేదు. వంద మీటర్ల దారం నున్నటి స్పూలు మీద ఒక్క ముద్దగా జారింది, అంతే. ఆ తర్వాత ఈ దారం గురించి చదువుతూ, చేతులారా కొంత పాడుచేసుకుంటూ పోగా ఒక సంగతి బోధపడింది. దీని గొప్పతనమూ దీనితో వచ్చే తలనొప్పులూ చాలావరకు ఒకే గుణంలోంచి పుట్టాయి. ఇది దేన్నీ పట్టుకోదు. నీటిని, రంగును, జిగురును, స్పూలును, ముడిని, ఆఖరికి తన పక్కనున్న అణువును కూడా గట్టిగా పట్టుకోదు.

బ్రెయిడ్ చేసేది పాలిథీన్‌తో. బీసెంట్ రోడ్డులో సరుకు వేసిచ్చే క్యారీబ్యాగు ఉంది చూశారా, ఆ పదార్థమే. 1933లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు వేరే ప్రయోగమేదో చేస్తుంటే, మైనంలాంటి తెల్లటి పదార్థంగా అనుకోకుండా దొరికింది. కార్బన్ పక్కన కార్బన్, ఒక్కోదానికి రెండేసి హైడ్రోజన్లు. అంతకు మించి ఏమీ లేని గొలుసు అది. క్యారీబ్యాగుకీ బ్రెయిడ్‌కీ తేడా ఆ గొలుసు పొడవులో ఉంది. హైడ్రోజన్ పరమాణువు బరువు 1 అనుకుంటే, బ్రెయిడ్‌లోని అణువు భారం పదుల లక్షల్లో ఉంటుంది. ముప్పై లక్షలనుకుని లెక్కేద్దాం. ఒక్కో కార్బన్, దాని హైడ్రోజన్లు కలిపి 14. అంటే ఒక్క గొలుసులో 2 లక్షల 14 వేల కార్బన్లు. దాన్ని తిన్నగా సాగదీసి పడుకోబెడితే సుమారు 27 మైక్రాన్ల పొడవు వస్తుంది. మన తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు. ఒక అణువు పొడవు చెప్పడానికి వెంట్రుకను తెచ్చుకోవాల్సి రావడం మామూలు విషయం కాదు.

పొడవు దేనికంటే, ఈ గొలుసుల మధ్య పట్టు చాలా తక్కువ. కొబ్బరి తాడును చూడండి. పీచుకీ పీచుకీ మధ్య జిగురేమీ లేదు. పక్కపక్కన ఎంత పొడవున ఒరుసుకుని ఉన్నాయన్నదే తాడు బలం. పాలిథీన్ గొలుసులూ అంతే. ఒక్కో చోట పట్టు అంతంతమాత్రమే అయినా, రెండు లక్షల చోట్ల కలిపితే అది ఉక్కుతో పోటీకి వస్తుంది.

అయితే పొడవాటి గొలుసులు వాటంతటవి తిన్నగా ఉండవు, చిక్కుపడి ఉంటాయి. ఆ చిక్కు తీసే పద్ధతిని 1970ల చివర నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం కంపెనీలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా కనిపెట్టారు. పదార్థాన్ని వేడి ద్రావకంలో కరిగించి, జెల్‌లాంటి పోగుగా లాగి, ఆ పోగును వేడి మీద పదుల రెట్లు సాగదీశారు. మన ఇళ్లలో జడ వేసే ముందు చేసేదీ ఇదే కదా: నూనె రాసి, చిక్కు తీసి, దువ్వి, ఆ తర్వాత పాయలు తీస్తారు. ఎండు జుట్టును దువ్వితే తెగుతుంది, నూనె రాస్తే జారి విడిపోతుంది. ఇక్కడ ద్రావకమే నూనె. డీఎస్ఎం పోగు డైనీమా పేరుతో 1990లో పెద్ద ఎత్తున తయారీకి వచ్చింది, అమెరికాలో అలాంటిదే స్పెక్ట్రా. ఓడల మోకులు, బుల్లెట్‌ను ఆపే చొక్కాలు, మన చేపల దారం, అన్నింట్లోనూ ఈ పోగులే.

ఇలా ముందే సాగదీసేశారు కాబట్టి ఇక సాగడానికి ఏమీ మిగల్లేదు. నైలాన్ దారం తెగే లోపు 15 నుంచి 30 శాతం దాకా సాగుతుంది. బ్రెయిడ్ 3, 4 శాతం దగ్గరే ఆగిపోతుంది. అందుకే నలభై మీటర్ల అవతల జెల్ల ఎరను వాసన చూసినట్టు తాకినా వేలికి తెలుస్తుంది. నైలాన్‌లో ఆ కబురు దారిలోనే సగం ఇంకిపోతుంది. కానీ ఆ సాగుడు చేప గుంజినప్పుడు స్ప్రింగులా కాపాడుతుందని మర్చిపోకూడదు. బెండు కట్టి కాలవ గట్టున చిన్న చేపలు పట్టే వాళ్లకు, కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేనైతే ఇప్పటికీ నైలానే కొనమంటాను. బ్రెయిడ్‌కు కోసుకుపోయిన వేళ్లతో మొదలైన సరదా ఎక్కువ రోజులు నిలవదు.

ఇక కొనడం సంగతి. పెట్టె మీద పౌండ్లు (దారం బలం), మిల్లీమీటర్లు (మందం), పీఈ (అంటే పాలిథీన్) నంబరు అని మూడు లెక్కలుంటాయి. పౌండ్ల లెక్కను కంపెనీలు ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకుంటారు. మిల్లీమీటర్లూ నమ్మకం కాదు, ఎందుకంటే అల్లిన దారం గుండ్రంగా ఉండదు, నొక్కితే నలుగుతుంది. కాస్త నిలకడైనది జపాన్ వాళ్ల పీఈ నంబరు. అది బరువు లెక్క. 9 వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు, 200 డెనియర్లయితే పీఈ 1. మందం సుమారు 0.165 మిల్లీమీటర్లు. పీఈ 2 అంటే బరువు రెట్టింపు, మందం మాత్రం 1.4 రెట్లే. మంగళగిరి నేత మగ్గాల దగ్గర పెరిగిన వాళ్లు ఇక్కడ తికమక పడతారు. నూలుకు నంబరు పెరిగే కొద్దీ సన్నం, దీనికి నంబరు పెరిగే కొద్దీ లావు.

బరువు లెక్క కాబట్టి ఇంట్లోనే పరీక్షించొచ్చు. వంద మీటర్ల పీఈ 1 దారం 2.2 గ్రాములు, పీఈ 2 అయితే 4.4 గ్రాములు తూగాలి. పై పూత వల్ల కొంచెం ఎక్కువ రావచ్చు. పీఈ 1 అని రాసి ఉన్న ఒక చవక దారాన్ని బంగారప్పని చేసే మా బావమరిది తూకంలో పెట్టాను. దాదాపు అయిదు గ్రాములు చూపించింది. పెట్టె మీద రాసిన పౌండ్లు అబద్ధం కాకపోవచ్చు, కానీ ఆ బలం వచ్చింది లావు వల్ల. లావైతే గాలిలో దూరం పోదు, ప్రవాహం ఎక్కువ లాగుతుంది. "కాసు బంగారం కూడా కొనని వాడివి, దారం తూయించుకోడానికొచ్చావా బావా" అని వాడు ఇప్పటికీ ఏడిపిస్తాడు.

ఇంకో పరీక్ష గ్లాసుడు నీళ్లతో. పాలిథీన్ సాంద్రత 0.97, నీటి కన్నా తేలిక. నైలాన్ సాంద్రత 1.14, పాలియెస్టర్‌ది 1.38. చిన్న ముక్క కోసి, గిన్నెల సబ్బు చుక్క కలిపిన నీటిలో వేసి, గాలి బుడగలు పోయేలా నలపండి. అసలు సరుకైతే తేలుతుంది. మునిగితే అందులో వేరే పోగు కలిసిందన్న మాట. కావాలనే మునిగేలా చేసే దారాలు కూడా ఉన్నాయి, కాకపోతే అవి ఆ మాట పెట్టె మీదే చెబుతాయి.

నాలుగు పాయలా, ఎనిమిదా? ఒకే లావు దారంలో నాలుగు పాయలుంటే ఒక్కో పాయ లావుగా ఉంటుంది, రాపిడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. ఎనిమిది పాయలది గుండ్రంగా, నున్నగా ఉంటుంది, కర్ర రింగుల్లోంచి చప్పుడు లేకుండా జారి దూరం వెళుతుంది. బందరు కాలవలో గుర్రపుడెక్క మీద రబ్బరు కప్పను లాగుతూ కొర్రమీను కోసం చూసే వాళ్లకు పీఈ 3, 4 లో నాలుగు పాయలది మేలు. లావు మెత్తటి కాడలను అది రంపంలా కోసుకొస్తుంది. నదిలో దూరం విసరాలంటే ఎనిమిది పాయల్లో పీఈ 1.5 గానీ 2 గానీ చాలు. వేలి గోళ్ల మధ్య నొక్కి చూడండి. రిబ్బనులా బద్దగా అయిపోతే అల్లిక వదులుగా ఉన్నట్టు.

మళ్లీ నా గట్టు దగ్గరికొస్తాను. స్పూలుకు ముందు పది పదిహేను చుట్లు నైలాన్ చుట్టి, దానికి బ్రెయిడ్ ముడేయాలి. నైలాన్ కాస్త సాగి బిగుసుకుని స్పూలును పట్టుకుంటుంది. ఆ పైన బ్రెయిడ్‌ను తడిగుడ్డలోంచి గట్టిగా లాగి పట్టుకుని చుట్టాలి. వదులుగా చుడితే పెద్ద చేప లాగినప్పుడు పై వరస కింది వరసల్లోకి దిగబడి ఇరుక్కుంటుంది, లేదా విసిరినప్పుడు గుత్తులు గుత్తులుగా లేచొచ్చి గాలిలోనే చిక్కుముడి పడుతుంది. స్పూలు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా నింపితే చాలు. ఎర నీటిలో పడ్డాక బెయిల్‌ను (దారాన్ని స్పూలు మీదికి మళ్లించే తీగ కమ్మీని) చేత్తో మూసి, దారాన్ని ఒకసారి లాగి బిగువు తెచ్చి, అప్పుడు రీలు తిప్పండి. చిక్కులు సగానికి సగం ఈ ఒక్క అలవాటుతో పోతాయి.

ముడి దగ్గర ఇంకా ఇబ్బంది. ముడి నిలిచేదే రాపిడి వల్ల. ఈ దారానికి అదే లేదు. నైలాన్‌కు వేసే మామూలు ముడి దీనికి వేస్తే తెగకుండానే విడిపోతుంది. సూపర్ గ్లూ వేసి చూశాను, గోటితో గీకితే పెచ్చులా ఊడొచ్చింది. మడత పెట్టిన దారాన్ని ముల్లు కంట్లోంచి దూర్చి వేసే పాలోమార్ ముడి బాగా నిలుస్తుంది. ఎన్ని చోట్ల ఒరుసుకుంటే అంత పట్టు, కొబ్బరి పీచు లెక్కే ఇక్కడా. బిగించే ముందు తడపండి. పొడిగా బిగిస్తే ఒరిపిడి వేడికి పోగులు దెబ్బతింటాయి. ఈ పోగు 150 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఎక్కువసేపు 70 డిగ్రీలు దాటిన వేడిలో ఉంటే బలం తగ్గుతుంది. బెజవాడను "బ్లేజ్‌వాడ" అని ఊరికే అనలేదు కదా. మే నెలలో రీలును కారు డాష్‌బోర్డు మీద వదిలేసి వెళ్లకండి.

రాయి అంచు దీని అసలు శత్రువు. బిగువుగా ఉన్న బ్రెయిడ్ రేవు మెట్టుకో సిమెంటు అంచుకో ఒరుసుకుంటే క్షణంలో పోతుంది. అందుకే చివర మీటరో రెండు మీటర్లో నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ (ఇంకో రకం ప్లాస్టిక్ దారం) గానీ కలుపుతారు. సాగుడు లేదు కాబట్టి దారం కొసను స్ప్రింగు త్రాసుకు కట్టి, డ్రాగ్‌ను ఆ దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య వదిలేలా పెట్టుకోవాలి. బలం ఉంది కదా అని మొత్తం బిగిస్తే చేప మూతి చీలి తప్పించుకుంటుంది.

రంగు వెలిసిపోతే కంగారు పడొద్దు. నూలు పోగుకు నీటినీ రంగునూ అందుకునే కొక్కేల్లాంటివి ఉంటాయి, అందుకే మంగళగిరి చీర రంగు పోగు లోపలికంటా పడుతుంది. పాలిథీన్‌కు అలాంటివేమీ లేవు, రంగు పైపైనే ఉంటుంది. ఆకుపచ్చగా కొన్న నా దారం ఇప్పుడు పాలిపోయిన తెలుపు. బలం తగ్గిందనడానికి అది గుర్తు కాదు. చూడాల్సింది నూగు. కొద్దిగా లేస్తే ఫర్వాలేదు, ఒకచోట మాత్రమే గరుగ్గా, సన్నగా తగిలితే అక్కడి వరకు కోసేయాలి. వరద తగ్గాక కృష్ణ నీటిలో ఉండే సన్న ఇసుక అల్లికలోకి చేరి లోపలి నుంచి కోస్తుంది. సూర్యలంక నుంచో మంగినపూడి నుంచో వస్తే ఉప్పు స్ఫటికాలు. రెంటికీ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టడమే మందు. కర్ర రింగుల్లోంచి దూది ఒకసారి లాగి చూడండి. దూది ఎక్కడ పట్టేస్తే అక్కడ రింగు చిట్లినట్టు. అదే దారాన్నీ కోస్తోంది.

విసిరేది ఎప్పుడూ ముందు సగమే. స్పూలు అడుగునున్న సగం ఎండ కూడా చూడదు. ఏడాదిన్నర తర్వాత దారాన్ని తిరగేసి చుట్టాను, లోపలి కొస బయటికొచ్చింది. ఒక్క ఖర్చుతో రెండు దారాలు. ఇద్దరు మనుషులుంటే పది నిమిషాల పని. కోసేసిన ముక్కలను మాత్రం గట్టు మీద పారేయకండి, నీటికాకుల కాళ్లకు చుట్టుకుంటే వాటికి తెంపుకునే దారి లేదు. పక్కింటి కుర్రాడు గాలిపటానికి అడిగితే అస్సలు ఇవ్వకండి.

ముడి వేశాక కొసను మరీ దగ్గరగా కోయకుండా రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి. బాబాయ్ తనకు వెదురూ నైలానూ చాలంటాడు గానీ, నా కొస చూస్తే ఊరుకోడు. బీడీ నిప్పును దానికి దగ్గరగా తెస్తాడు, ముడికి సెగ తగలకుండా, కొసను తాకించకుండా. కొస గబుక్కున ముడుచుకుని ఆవగింజంత గుండు కడుతుంది. దువ్వి, సాగదీసి వరసగా పడుకోబెట్టిన ఆ గొలుసులన్నీ వేడి తగలగానే తమ పాత చిక్కులోకి వెళ్లిపోతాయి. ఆ గుండు ముడిలోంచి జారదు.

"ఇప్పుడు పట్టుకుంది," అని బీడీ మళ్లీ నోట్లో పెట్టుకుంటాడు.